సంగటి, ఒరెన్నం, మధ్యలో ఒక షుగర్ మీటరు

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఎవరికైనా షుగర్ వచ్చిందని తెలిస్తే చాలు, డాక్టర్ కన్నా ముందు పక్కింటివాళ్లే మందు రాసేస్తారు. "అన్నం మానేసి సంగటి తిను, అదే పోతుంది." మా నాయనకి ఈ మాట రెండేళ్లలో ఎంతమంది చెప్పారో లెక్కలేదు. ఆయన ఒక్కరి మాట కూడా వినలేదు. మాత్రలు వేసుకుంటాడు, అన్నం తింటాడు. సంగటి పేరెత్తితే మాత్రం ముఖం పక్కకి తిప్పుకుంటాడు.

నేను బెంగళూరులో బ్యాకెండ్ కోడ్ రాస్తుంటా. లాగ్స్ చూడకుండా బగ్ ఎక్కడుందో చెప్పమంటే నాకు ఒళ్లు మండుతుంది. షుగర్ విషయంలో మా చుట్టాలందరూ చేసే పని సరిగ్గా అదే. అందుకే సంక్రాంతి ముందు ఐదు రోజులు లీవు పెట్టి, నాయనని కారెక్కించుకుని, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒక చుట్టు చుట్టొచ్చా. పైకి చెప్పింది చుట్టాలని పలకరించడానికని. బ్యాగులో మాత్రం గ్లూకోమీటరు, 50 స్ట్రిప్పుల డబ్బా. ఒప్పందం ఏంటంటే, ఎవరింట్లో ఏం పెట్టినా తినొచ్చు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న రెండు గంటలకి వేలు చాపాలి. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు.

మదనపల్లె అంటే బయటివాళ్లకి టమోటా. ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఇదొకటి. 2023 జులైలో కిలో 200 రూపాయల దగ్గరికి వెళ్లినప్పుడు టీవీలన్నీ ఈ యార్డులోనే కూర్చున్నాయి. మేం వెళ్లిన పొద్దున క్రేట్లు వరసగా పేర్చి, వేలంపాట సగంలో ఉంది. నాయన ఒక కాయ చేతిలోకి తీసుకుని, "మా చిన్నప్పుడు ఇది కూరలో కనపడితే వింత" అన్నాడు. అప్పట్లో పులుపంటే చింతపండు, చింతచిగురు, గోగాకు. బోర్లు పడ్డాకే టమోటా వచ్చింది. ఇప్పుడు పప్పులో అదే, చట్నీలో అదే, చారులో అదే. తిండి మారడం అంటే మనకి పిజ్జా, బర్గరే గుర్తొస్తాయి. మన కళ్ల ముందే పులుపు మారిపోయిన సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఈ ఊరికి తిండితో ఇంకో పాత సంబంధం ఉంది. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి. అందుకే ఊరి బయట ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం పెట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమొట్ మొల్లర్ దాన్ని నడిపించాడు. క్షయకి మందే లేని కాలం అది. చికిత్స అంటే గాలి, విశ్రాంతి, బలమైన తిండి. తర్వాత మందులొచ్చాయి. 1959లో మద్రాసు నుంచి వచ్చిన ఒక పేరున్న అధ్యయనం ఏం చెప్పిందంటే, శానిటోరియంలో మంచి తిండి తింటూ మందు వేసుకున్నవాళ్లకీ, ఇంట్లో పేద తిండి తింటూ అదే మందు వేసుకున్నవాళ్లకీ రోగం దాదాపు ఒకేలా నయమైందని. ఆరోగ్యవరం చెట్ల కింద కారాపి ఇది నాయనకి చదివి వినిపించా. దానికి కారణం ఆ పొద్దున మదనపల్లెలో జరిగిన సంగతే.

మదనపల్లెలో మాకు వరసకి మామ ఒకాయన ఉన్నాడు. రీల్స్ బాగా చూస్తాడు. మేం వెళ్లేసరికి పెద్ద స్టీలు గ్లాసు నిండా రాగి జావ రెడీగా పెట్టాడు. బెల్లం వేసి, యాలకులు కొట్టి, బ్రహ్మాండంగా ఉంది. "ఇది రోజూ రెండు గ్లాసులు తాగు బావా, ఇంగ ఆ మాత్రలు కాలవలో పారెయ్" అన్నాడు. నాయన మర్యాదకి తాగాడు. రెండు గంటలకి మీటరు చూపించింది: 248. పొద్దున పరగడుపున 131 ఉన్న మనిషి.

మామ మీటరు తప్పన్నాడు. ఇంకో స్ట్రిప్పు తీశా, 243. బెల్లం సంగతి పక్కనపెడితే, రాగి పిండిని మెత్తగా ఆడించి, నీళ్లలో బాగా ఉడికించి పల్చగా తాగితే అది పొట్టలో అరగడానికి పెద్దగా టైమ్ పట్టదు. గింజ ఏదన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎంత మెత్తగా చేశామన్నదీ అంతే ముఖ్యం. రాగుల్లో పిండిపదార్థం బియ్యం కన్నా మరీ తక్కువేం కాదు. వంద గ్రాములకి 65 గ్రాములు దాటే ఉంటుంది. రాగి గొప్పతనం వేరేచోట ఉంది. పీచు ఎక్కువ. కాల్షియం వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది అటూ ఇటూ. ఎముకలకి రాగి నిజంగా మంచిదే. అంతమాత్రాన మాత్రలు కాలవలో పడేయమని ఎవరు చెప్పినా, దయచేసి ఆ వీడియోని మ్యూట్ చేయండి.

మదనపల్లె నుంచి పుంగనూరుకి వెళ్లే రోడ్డు నాకిష్టం. రెండువైపులా బండరాళ్ల గుట్టలు, మామిడి తోటలు, అక్కడక్కడా మల్బరీ మళ్లు. పుంగనూరు అనగానే ఇప్పుడు అందరూ అడిగేది పొట్టి ఆవుల గురించే. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో వాటికి గడ్డి తినిపించిన ఫొటోలు వచ్చాక వీటికి ఇన్‌స్టాలో ఫ్యాన్స్ తయారయ్యారు. మూడడుగుల లోపు ఎత్తు, కొద్దిగా పాలు, అందులో వెన్న ఎక్కువని పేరు. ఒకప్పుడు అంతరించిపోయే దశకి వచ్చిన ఈ జాతిని దగ్గర్లోని పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడుకుంటూ వచ్చారు. మా పల్లెలో మాత్రం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ డెయిరీకి పాలు పోసే పెద్ద ఆవులే. పొద్దున క్యాన్ వెళ్లిపోయాక ఇంట్లో చిలకడానికి పెరుగు మిగలదు. మజ్జిగ ప్యాకెట్ కొనుక్కుంటారు.

మా అవ్వకి ఎనభై దాటాయి. ఆమెకి షుగర్ లేదు. మోకాళ్లు మాత్రం పూర్తిగా పోయాయి. "ఎట్లుండావు పాపా, ఏంది ఇంత చిక్కిపోయినావు" అంది, గత మూడేళ్లలో ఆరు కిలోలు పెరిగిన నన్ను చూసి. మధ్యాహ్నం సంగటి చేయించా. చేసింది మా పిన్నమ్మ, మంచం మీద కూర్చుని డైరెక్షన్ మాత్రం అవ్వది. నూకలు మెత్తగా ఉడికాక, రాగి పిండి కుప్పగా మధ్యలో పోసి, గెలకకుండా మూత పెట్టి మగ్గనివ్వాలి. ఆ తర్వాత సంగటి కట్టెతో గెలకాలి. గెలకడానికి భుజబలం కావాలి. నేను ట్రై చేసి రెండు నిమిషాల్లో కట్టె ఇచ్చేశా.

"ఇది సంగటి గాదు, రాగన్నం" అంది అవ్వ రంగు చూసి. నూకలు ఎక్కువయ్యాయట. ఆమె చిన్నప్పుడు ముద్ద రంగు చూస్తే ఆ ఇంటి పరిస్థితి చెప్పేసేవాళ్లట. నల్లగా ఉంటే పేదిల్లు, తెల్లగా తేలితే నాలుగు గింజలున్న ఇల్లు. ఇప్పుడు హైవే హోటళ్లలో "రాగి సంగటి - నాటుకోడి" అని బోర్డు పెట్టి వడ్డించే ముద్దలు చాలావరకు లేత రంగువే. అవ్వ లెక్కలో అవన్నీ డబ్బున్న ఇళ్లే.

ఆ రోజు కూర పితికిపప్పు. తెలియనివాళ్ల కోసం: చలికాలంలో వచ్చే అనపకాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటే రెండు వేళ్ల మధ్య పితికితే తోలు ఊడి లోపలి పప్పు పైకి ఎగురుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని టీవీ చూస్తూ చేసే పని. పక్కన చెనక్కాయల ఊరిబిండి, ఆకుకూర, పచ్చి ఎర్రగడ్డ. నాయనకి ఒక ముద్ద, అంతకు రెండింతలు కూర. ఆయన కొంచెం గొణిగాడు, తిన్నాడు. రెండు గంటలకి 189.

మర్నాడు అదే టైముకి, అదే పితికిపప్పు, అంతే కూర. ముద్ద బదులు, పచ్చి పిండినీ బియ్యాన్నీ తూకం వేసి, సరిసమానంగా అన్నం పెట్టా. రీడింగు 204. నాయన కళ్లలో వెలుగు చూడాలి. "చూసినావా? పదైదు పాయింట్లకి నన్ను సంగటి తినమంటారా మీరంతా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంట్లో వాడే మీటర్లు వంద పైన రీడింగుల్లో 15 శాతం దాకా అటూ ఇటూ చూపించొచ్చని వాటికున్న అంతర్జాతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంటే 189కీ 204కీ ఉన్న తేడాని తేడా అని నేను ఏ కోడ్ రివ్యూలోనూ నిలబెట్టలేను. ఒక్క మనిషి, ఒక్కో రోజు. దీంతో శాస్త్రం రాదు. కానీ జావకీ సంగటికీ మధ్య దాదాపు అరవై పాయింట్లుంది. అదే రోజు రాత్రి అన్నం తిన్నాక చెరువు కట్ట మీద అరగంట నడిపించి చూస్తే 168. గింజ మార్చినదాని కన్నా ముద్ద పక్కన పెట్టిన కూర, ముద్ద సైజు, తిన్న తర్వాత కాళ్లు, ఇవే ఎక్కువ పని చేసినట్టు కనిపించింది.

ఆ రాత్రి వాకిట్లో కూర్చుని నేను ఇప్పటి రీల్స్ భాషలోనే ఒక మాట అన్నా. మన పూర్వీకులు ఎంత ఆరోగ్యంగా తిన్నారో కదా అని. అవ్వ ముందుగా నవ్వింది. "మేమేమన్నా ఇష్టపడి తింటిమా పాపా? అవే గింజలుండె, అవే తింటిమి." నాయన మాత్రం నవ్వలేదు. వాళ్లు ఏడుగురు పుట్టారు, నలుగురే మిగిలారు. "నా తమ్ముడు ఏం రోగంతో పోయినాడో ఇప్పటికీ తెలీదు. అప్పుడు షుగర్ లేదంటావు. చూసిందెవరు?"

తర్వాత ఆయన ఒరెన్నం గురించి చెప్పాడు. వరి అన్నం అంటే ఉగాదికి, సంక్రాంతికి, కొత్తల్లుడు వచ్చినప్పుడు. మిగతా రోజులన్నీ పొద్దున సద్ది సంగటి, మధ్యాహ్నం వేడి సంగటి, రాత్రి మళ్లీ సంగటి. బడిలో అన్నం క్యారియర్ తెచ్చుకునే పిల్లలు ఒకవైపు, ముద్ద తెచ్చుకునేవాళ్లు ఇంకోవైపు కూర్చునేవారట. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదట. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు ఆయనకి పద్దెనిమిదేళ్లు. మొదటిసారి కార్డు మీద బియ్యం తెచ్చిన రోజు తాత పక్కింటివాళ్లకి కూడా వినపడేలా "అన్నం పెట్టు" అని కేకేశాడట, ఇంట్లో అందరూ పక్కనే ఉన్నా.

మనం మిల్లెట్ల మీద మాట్లాడేటప్పుడు ఈ ముక్క ఎగరగొట్టేస్తాం. బియ్యం ఎవరూ బలవంతంగా మన నోట్లో కుక్కలేదు. అది గెలుచుకున్న అన్నం. నా బెంగళూరు ఫ్లాట్ కింద సూపర్ మార్కెట్లో రాగి ప్యాకెట్ ట్రెండీ. మా నాయనకి అది బడిలో ఇంకోవైపు కూర్చోవడం. అరవై ఏళ్లకి మళ్లీ అటు వెళ్లి కూర్చోమంటే ముఖం తిప్పుకోడా మరి?

అయితే బియ్యం వచ్చినప్పుడు ఇంకా చాలా జరిగాయి. అదొక్కటే వచ్చి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదేమో. చేలల్లో రాగి, కొర్ర, సామ, ఆరిక పోయి చెనక్కాయ విస్తరించింది, తర్వాత బోర్ల కింద టమోటా. వాటితోపాటు సాలు మధ్య వేసుకునే అలసంద, అనుము, కంది ఇంట్లోకి రావడం తగ్గింది. ముద్ద పోయి అన్నం వచ్చింది, కానీ కూర గిన్నె చిన్నదైంది. రెండు గరిటెల పప్పు, కొండంత అన్నం. నాగలి బదులు ట్రాక్టరు, నడక బదులు బైకు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారు. పల్లెల్లో కూడా. మా అవ్వ వీధిలోనే మాత్రలు వేసుకునేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు చేతులూ అయిపోయాక ఆపేశా.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి బోర్డుల మీద మూడు భాషలు. ఒకపక్క కర్ణాటక, ఇంకోపక్క తమిళనాడు. మనం సంగటి అనేదాన్ని ఆ పక్క ముద్దె అంటారు, ఈ పక్క కళి అంటారు. టమోటాని తక్కాళి అన్నా ఎవరూ వింతగా చూడరు. ఒక వీధిలో సాయంత్రం ఆరింటికి నేను లెక్కపెట్టినవి: బేకరీలు మూడు, గోబీ మంచూరియా బండ్లు నాలుగు, ఫ్రైడ్ రైస్ బండ్లు రెండు, బజ్జీల బండి ఒకటి. సంగటి ఒక్కచోట దొరికింది, అదీ ఆదివారమేనట.

అత్త ఇంట్లో మనవరాలు మూడో తరగతి, గవర్నమెంటు బడి. 2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ మొదలుపెట్టారు కదా, దాని గురించి అడిగితే ముఖం చేటంత చేసుకుంది. పిల్లలకి అది మంచిదే. ఎముకలు పెరిగే వయసు, పరగడుపున వచ్చే పిల్లలు ఎక్కువ. మా నాయనని 248కి తీసుకెళ్లిన గ్లాసే ఆ పిల్లకి పొద్దుటి బలం. ఒకే గిన్నెలోది ఇద్దరికీ ఒకే పని చేయదు.

అత్త కొడుకు, నాకు బావ వరస, ముప్పై ఒకటి. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. బెంగళూరులో అద్దెలు కట్టలేక రోజూ కుప్పం నుంచి రైల్లో పోయొచ్చే బ్యాచ్. తెల్లవారకముందే ఇల్లు వదులుతాడు, రాత్రి తొమ్మిది దాటాక దిగుతాడు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా అంచున ఉన్నట్టు. నాయన కన్నా నాకు ఈ రీడింగే ఎక్కువ గుచ్చుకుంది. ఆయనకి షుగర్ యాభై ఎనిమిదిలో బయటపడింది. బావకి ముప్పై ఒకటిలోనే తలుపు తడుతోంది.

బావ తిండి లాగ్ రాయించా. పొద్దున రైల్లో టీ, బన్ను. పదింటికి పఫ్. రెండింటికి క్యాంటీన్లో ప్లేటు నిండా అన్నం, పల్చటి సాంబారు. సాయంత్రం మల్టీగ్రెయిన్ అని రాసున్న బిస్కెట్లు. రాత్రి పదింటికి స్టేషన్ బయట ఫ్రైడ్ రైస్, ఆ వెంటనే నిద్ర. బిస్కెట్ ప్యాకెట్ వెనక చూడమన్నా. పదార్థాలు బరువు ప్రకారం పెద్దది ముందు రాయాలన్నది రూలు. మొదట మైదా, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్, ఎక్కడో ఆరో పేరు రాగి, పక్కన శాతం రెండు. ఈ ఒక్క చిట్కా మీరు ఇవాళే వాడి చూడొచ్చు, మీ డెస్క్ డ్రాయర్లో ఉన్న ప్యాకెట్ మీద.

"రేపట్నుంచి నేనే సంగటి కట్టిస్తా" అంది అత్త. బావ తల పట్టుకున్నాడు. "మధ్యాహ్నానికి అది రాయి అవుతుందమ్మా. ఓవెన్లో పెడితే అంచులు ఎండి లోపల చల్లగా ఉంటుంది. ట్రై చేసినా." నిజమే. సంగటి వేడిగా ఉన్నంతసేపే మెత్తగా ఉంటుంది. ఇల్లూ పొలం పక్కపక్కనే ఉన్న రోజుల తిండి అది, రైలెక్కి రెండు గంటలు పోయే మనిషి కోసం పుట్టింది కాదు. దాన్ని వదిలేసింది నోరు ఒక్కటే కాదు, టైంటేబుల్ కూడా.

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న నాయన నోరు విప్పాడు. "ఎవడు వేడిగా తినమన్యాడు? ముద్దని రాత్రే నీళ్లలో ఎయ్యి. పొద్దున్నే నీళ్లు వంచి మజ్జిగలో పిసికి, ఉప్పేసి సీసాలో పొయ్యి. ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ పక్కన పెట్టుకో. అదంటే ఎండలోనైనా ఉంటుంది." అత్త అన్నవైపు చూసింది. సంగటి పేరెత్తితే లేచిపోయే మనిషి ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదట. "పిసికినాక పల్చగా చెయ్యొద్దు, తాగేలా కాదు, తినేలా ఉండాల" అని ఇంకో మాట కూడా కలిపాడు. జావ దెబ్బ గుర్తుంది మరి. "అనపగింజలు గుగ్గిళ్లు గుప్పెడు ఎయ్యి, అది ముఖ్యం."

తన విషయం మాత్రం తెగ్గొట్టి చెప్పేశాడు. మధ్యాహ్నం ఒక గ్లాసు బియ్యంలో సగం, కూర రెండింతలు, తిన్నాక అరగంట నడక. సంగటి నెలకొకసారి, అదీ నాటుకోడి ఉంటేనే. మాత్రలు యథావిధి. మూడు నెలలకి రక్త పరీక్ష చేయిస్తానన్నా, సరే అన్నాడు. నేను వెంటనే ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నా.

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి బావ ఫొటో పంపాడు. వైట్‌ఫీల్డ్ ప్యాంట్రీ బల్ల మీద ఒక వెడల్పు మూతి సీసా, పక్కన సగం కొరికిన ఎర్రగడ్డ. కింద రాశాడు: "టీమ్‌లో ఇద్దరు రుచి చూశారు. ఒకడు ప్రోటీన్ షేకా అని అడిగాడు. మామకి చెప్పు, ఉప్పు సరిపోలేదని."